రెండో మైకు

ఆ వీధిలో ఆయన అసలు పేరు ఆయన భార్యకూ ఓటర్ల జాబితాకూ తప్ప ఎవరికీ తెలియదు. పిల్లలకూ పెద్దలకూ అందరికీ ఆయన హలో బాబాయే. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ చుట్టుపక్కల ఎక్కడ సభ జరిగినా మైకు సెట్టు ఆయనదే. ఎంత గొప్ప నాయకుడు మాట్లాడబోయే మైకులోనైనా ముందుగా మాట్లాడేది ఈయనే. "హలో, హలో... వన్, టూ, త్రీ... హలో." అంతకు మించి ఇంకో మాట ఆ మైకులో అన్న పాపాన పోలేదు.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఏళ్ల తరబడి హెడ్‌ఫోను పెట్టుకోవడం వల్ల నడినెత్తి మీద జుట్టు అణిగిపోయి, దువ్వినా లేవదు. ఇంటి ముందుగది నిండా స్పీకర్లే. ఉతికిన బట్టలు మడతపెట్టడానికి భార్యకు వేరే చోటు లేక వాటి మీదే పెడుతుంది. "ఇంట్లో ఇన్ని స్పీకర్లున్నాయి, నేను పిలిస్తే ఒక్కసారీ వినబడదు ఈ మనిషికి" అని ఆమె వచ్చేపోయేవాళ్లతో చెప్పుకునేది. వైర్లు చుట్టడంలో మాత్రం ఆయన్ని మించినవాడు లేడు. మోచేతికీ బొటనవేలికీ మధ్య ఎనిమిది అంకె వేసినట్టు చుడతాడు. ఆ చుట్టు ఏ రోజూ చిక్కుపడలేదు. మొదట చిక్కుపడింది ఆయనే, ఆ కథ ముందుంది.

ఆ ప్రాంతానికి ఐదుసార్లు గెలిచిన నాయకుడు ఒకాయన ఉన్నాడు. అందరూ పెద్దాయన అంటారు. మీరూ నేనూ అయితే ఉన్న సంగతి చెబుతాం, లేదా లేని సంగతి చెబుతాం. పెద్దాయన ఈ రెండూ చేయడు. ఆయన ప్రకటిస్తాడు, ఆదేశిస్తాడు, హెచ్చరిస్తాడు, హామీ ఇస్తాడు. రెండు గంటలు ఆలస్యంగా వచ్చి, "ఆలస్యానికి మీ అందరినీ క్షమాపణ కోరుతున్నాను" అని, జనం తరఫున తానే తల ఊపేసుకుని ముందుకు పోతాడు. రాబోయే ఎన్నికల్లో గెలిపించబోతున్నందుకు ముందుగానే కృతజ్ఞతలు చెప్పేస్తాడు. అంత మర్యాదగా చెప్పించుకున్నాక ఓటు వేయకపోతే మనకే మొహం చెల్లదు. ఇక ప్రశ్నలైతే చెప్పనే అక్కర్లేదు. "మీకు మంచినీళ్లు కావాలా వద్దా?" అంటాడు. "కావాలి!" అంటారు జనం. "గట్టిగా!" అంటాడు. నాలుగుసార్లు గట్టిగా అరిచేసరికి గొంతులు ఎండిపోయేవి గాని, ఏదో సాధించుకొచ్చామన్న తృప్తితో ఇళ్లకు పోయేవారు. ఆ ఎండిన గొంతుల్లోకి ఏ నీళ్లు పోసుకునేవారో మరి.

ఇందులో హలో బాబాయ్ పాలు తక్కువేం కాదు. క్షమాపణకు సౌండు కాస్త తగ్గించి, హెచ్చరికకు పెంచి, హామీకి ఎకో కలిపేవాడు. ఎకో లేని హామీ చప్పగా ఉంటుందని ఆయన అనుభవం. పెద్దాయన చూపుడువేలు పైకి లేచిందంటే ఇక్కడ సౌండు మీట దానంతటదే పైకి పోయేది.

అయితే ఆదేశానికి ఒక ఇబ్బంది ఉంది. ఆదేశం ఇవ్వాలంటే ఎదురుగా పుచ్చుకునేవాడు ఒకడుండాలి. అందుకని సభ ఎక్కడ జరిగినా ఆ పనికి సంబంధించిన ఆఫీసర్ని వేదిక మీద కూర్చోబెట్టేవారు. పెద్దాయన ఆయన్ని లేపి, అందరి ముందూ నిలదీసేవాడు. ఆఫీసరు జవాబు చెప్పడానికి పక్కన రెండో మైకు ఉండేది. చాలాకాలం కిందట ఒకాయన తెలియక ఆ మైకులో "అది కుదరదు సార్" అన్నాడు. "కుదరదు సార్" అని ఎనిమిది స్పీకర్లూ బజారు చివరిదాకా చాటాయి. మర్నాడే పెద్దాయన పీఏ హలో బాబాయ్ ఇంటికొచ్చాడు.

"బాబాయ్, రెండో మైకు ఉండాలి. లైటు వెలగాలి. ఆఫీసరు అందులో మాట్లాడాలి. సౌండు మాత్రం బయటికి రాకూడదు. అర్థమైందిగా?"

సౌండు బయటికి రావడానికే కదా మైకు పెట్టేది అని హలో బాబాయ్‌కి అనిపించింది. అనిపించింది, అంతే. తల ఊపాడు.

ఆ రోజు నుంచీ రెండో మైకు శబ్దం ఒక్క ఆయన హెడ్‌ఫోనులోకే వచ్చేది. ఆఫీసర్లందరికీ ఈ సంగతి తెలుసు. అందుకే ఆ మైకు ముందు నిలబడి మహా స్వేచ్ఛగా మాట్లాడేవారు. "సార్, అక్కడ ఆస్పత్రి లేదు సార్, బోర్డు ఒక్కటే ఉంది" అనేవాడు ఒకాయన. పెద్దాయన జనం వైపు తిరిగి, "విన్నారుగా! నెలలో ఆస్పత్రి తెరుస్తామంటున్నారు!" అనేవాడు. చప్పట్లు. "సార్, ఆ స్థలం మీ బావమరిదిగారు ఆక్రమించారు సార్" అనేవాడు ఇంకొకాయన. "విన్నారుగా! అడ్డంకులన్నీ తొలగిస్తామంటున్నారు!" మళ్లీ చప్పట్లు. జవాబు చెప్పి వెళ్లి కూర్చునే ఆఫీసర్ల మొహాలు తలమీద మూట దింపుకున్నట్టు ఉండేవి. పాపం జనం మాత్రం, ఆఫీసర్లకు గొంతు చిన్నదిగా ఉంటుంది కాబోలు అనుకునేవారు.

ఊరందరికీ చెందిన నిజాలు ఇలా ఒక్కడి చెవుల్లోకి వచ్చి పడుతుంటే హలో బాబాయ్ వాటిని కడుపులోనే దాచుకున్నాడు. డాక్టరు రోగుల సంగతులు బయటపెట్టడు కదా, ఇదీ అంతే, వృత్తి ధర్మం అని తనకు తాను చెప్పుకున్నాడు. భయానికి అంతకంటే మర్యాదైన పేరు ఆయనకు దొరకలేదు. పెద్దాయన సభలు పోతే ఆయనకు మిగిలేది గదినిండా చెక్కపెట్టెలే.

ఇలా ఎంతకాలం సాగేదో గాని, ఆయన ఉండే వీధికి అవతల ఒక కాలువ ఉంది. కాలువకు ఆ పక్కన చొక్కాలు కుట్టే షెడ్డు. ఆయన భార్య అందులో కాలర్లు కుడుతుంది. కాలువ మీద ఒకప్పుడు ఇనుప వంతెన ఉండేది. తుప్పు పట్టిందని మూడేళ్ల కిందట విప్పేశారు. విప్పడం చకచకా జరిగిపోయింది. కొత్తది కట్టలేదు. వీధిలో ఆడవాళ్లంతా కాలువకు అడ్డంగా వేసిన మంచినీళ్ల పైపు మీద నడిచి పనికి పోతున్నారు. మనిషి కావలించుకుంటే చేతులు అందేంత లావు పైపు అది. చుట్టూ తిరిగి రోడ్డు వంతెన మీంచి పోవాలంటే గంటకు పైగా నడక, ఎనిమిదిన్నర దాటితే షెడ్డు గేటు మూసేస్తారు. వ్యాను ఖాళీగా ఉన్న రోజు హలో బాబాయే దింపేవాడు. సభలున్న రోజుల్లో వ్యాను ఖాళీగా ఉండదు. సభలు లేని రోజులు ఎక్కడివి? ఆమెకు యాభై రెండేళ్లు. కుడి మోకాలు మాట వినడం మానేసి ఏడాది దాటింది.

కిందటి వేసవిలో వంతెన గురించి పెద్దాయన ఆ వీధిలోనే సభ పెట్టాడు. వంతెనల ఇంజనీరుని లేపి, "ఈ తల్లుల ముందు చెప్పండి! వంతెన ఎప్పుడు?" అన్నాడు. నలభై ఏళ్ల ఇంజనీరు, నెమ్మదస్తుడు. రెండో మైకు ముందుకొచ్చి, "ఫైలు మీ టేబుల్ మీదే ఉంది సార్. రెండేళ్లయింది. మీ సంతకం ఒక్కటే కావాలి సార్" అన్నాడు.

"విన్నారా తల్లీ! మూడు నెలల్లో కట్టి తీరుతామని మాటిచ్చారు!"

ముందు వరసలో కూర్చున్న హలో బాబాయ్ భార్య చేతులు నొప్పిపుట్టేలా చప్పట్లు కొట్టింది. ఆ సంతకం పెద్దాయన ఎందుకు పెట్టలేదో ఎవరికీ తెలియదు. పెడితే వంతెన వచ్చేస్తుంది, వచ్చేస్తే ఆ వీధిలో మళ్లీ ఏమని సభ పెట్టాలి అనుకున్నాడేమో. సాయంత్రం ఇంటికొచ్చాక భార్య, "ఈసారి నిజంగానే వస్తుందేమో కదయ్యా!" అంది సంబరంగా. హలో బాబాయ్ వైరు చుడుతూ, తల ఎత్తకుండా, "రావచ్చు" అన్నాడు.

మూడు నెలలు పోయాయి. నాలుగో నెలలో వానలు పడి పైపు మీద పాచి పట్టింది. ఒక పొద్దున ఆమె కాలు జారింది. కాలువలో పడలేదు, పైపును కావలించుకుని ఉండిపోయింది. వెనకాల వస్తున్న ఇద్దరు ఆడవాళ్లు ఎలాగో లేపి గట్టుకు చేర్చారు. మణికట్టు బూరెలా పొంగింది. అన్నం డబ్బా కాలువపాలైంది. హలో బాబాయ్ పరుగున వచ్చి, చేతికి కట్టు కడుతూ, "ఆ సంతకం ఏదో పెట్టి ఉంటే..." అని నోరు జారాడు.

"ఏ సంతకం?"

ఇక దాచలేక మొత్తం చెప్పేశాడు. ఆమె చివరిదాకా విన్నది.

"నీకు నాలుగు నెలల నుంచీ తెలుసా?"

"తెలుసు."

"నేను చప్పట్లు కొడుతుంటే చూస్తూ ఉన్నావా?"

హలో బాబాయ్ తల వంచుకుని కట్టుకు ముడి వేశాడు.

"ముందే ఎందుకు చెప్పలేదని నేనడగను. చెబితే మాత్రం ఏం చేసేదాన్ని, అదే పైపు ఎక్కేదాన్ని. కానీ నేనంత ఆశగా అడిగితే ‘రావచ్చు’ అన్నావు చూడు. ఆ మాట ఎందుకన్నావయ్యా?"

ఆమె తిట్టలేదు, ఏడవలేదు. అన్నం పెట్టేది, అడిగినదానికి జవాబిచ్చేది, అంతే. వారం తిరిగేసరికి కట్టు కట్టిన చేత్తోనే మళ్లీ పైపు ఎక్కింది. ఇంట్లో ఆ నిశ్శబ్దం హలో బాబాయ్‌ని కోసేసింది. ఆమె దృష్టిలో తానిప్పుడు వేదిక మీది వాళ్లలో ఒకడు.

సరిగ్గా అప్పుడే పీఏ ఫోన్ చేశాడు. "బాబాయ్, ఎల్లుండి మీ వీధిలోనే సభ. అదే వంతెన, అదే ఇంజనీరు."

హలో బాబాయ్ నిర్ణయించుకున్నాడు. ఈసారి రెండో మైకు పెంచేస్తాడు. ఇంజనీరు చెప్పేది వీధి వీధంతా వింటుంది. మైకు సెట్టు పని పోతే పోనీ. ముందురోజు పొద్దున భార్యతో, "రేపు మీటింగుకి రా" అన్నాడు.

"చప్పట్లు కొట్టడానికా?"

"వినడానికి."

ఆమె వచ్చి, చివరి వరసలో కూర్చుంది. సాయంత్రం నాలుగింటికి సభ మొదలైంది. పెద్దాయన క్షమాపణ కోరాడు, కృతజ్ఞతలు తెలిపాడు. కాలువ వైపు చెయ్యి చాపి, "నా అక్కచెల్లెళ్లు ఆ పైపు మీద నడుస్తుంటే నా గుండె తరుక్కుపోతోంది!" అన్నాడు. ఎకో కలిసింది. "ఇంజనీరుగారూ, లేవండి! ఈ ప్రజల సాక్షిగా అడుగుతున్నాను. వంతెన ఎప్పుడు?"

ఇంజనీరు అలవాటు ప్రకారం లేచి, రెండో మైకు ముందుకు వచ్చాడు. హలో బాబాయ్ వేలు రెండో మీటను పైకి తోసింది.

"సార్..." అన్నాడు ఇంజనీరు.

"సార్" అన్నాయి ఎనిమిది స్పీకర్లూ. కాలువ అవతలి షెడ్డు గోడకు తగిలి ఆ మాట మళ్లీ వెనక్కి వచ్చింది. ఇంజనీరు ఉలిక్కిపడ్డాడు. పెద్దాయన చేతిలో గ్లాసు గాల్లోనే ఆగింది. పీఏ వేదిక వెనక నుంచి తల బయటపెట్టాడు. చెప్పు నాయనా, పోయినసారి చెప్పిన ముక్కే చెప్పు, అని హలో బాబాయ్ మనసులోనే బతిమాలుకున్నాడు. ఇంజనీరు జనాన్ని చూశాడు, పెద్దాయన్ని చూశాడు. తర్వాత ఆయన నడుం నిటారుగా లేచింది.

"సార్! తమరి నాయకత్వంలో, తమరి ఆదేశాల మేరకు, సరిగ్గా ముప్ఫై రోజుల్లో ఈ ప్రజలకు వంతెన అందిస్తామని సభాముఖంగా హామీ ఇస్తున్నాను!"

ఆ గొంతు ఎంత గుండ్రంగా వచ్చిందంటే, అది ఆయనదేనా అని హలో బాబాయ్ రెండోసారి చూశాడు. పైగా ఎకో తీసేయడం మర్చిపోయాడేమో, హామీ మహా నిండుగా పలికింది. చప్పట్లతో వీధి దద్దరిల్లిపోయింది. ఆ చప్పట్లు ఆగకముందే భార్య లేచి ఇంటికి వెళ్లిపోవడం ఆయన చూశాడు.

పెద్దాయన ఐదుసార్లు ఊరికే గెలవలేదు. గ్లాసు కింద పెట్టేలోపే తేరుకున్నాడు. "విన్నారుగా! నేను కాదు, ఆయన నోటితో ఆయనే అన్నారు! ముప్ఫై రోజులు! లేకపోతే నన్నడగొద్దు, ఆయన్నడగండి!"

సభ అయ్యాక పీఏ పరిగెత్తుకొచ్చాడు. హలో బాబాయ్ అన్నిటికీ సిద్ధపడి నిలబడ్డాడు. పీఏ ఆయన భుజం తట్టాడు. "ఏం బుర్ర బాబాయ్ నీది! పెద్దాయన తెగ ముచ్చటపడ్డారు. ఇకనుంచి ప్రతి సభలో రెండో మైకు ఆన్‌లోనే ఉంచు." ఉద్యోగం పోగొట్టుకోవడం కూడా చేతకాలేదు పాపం ఆయనకు.

ఆ ముప్ఫై రోజులూ ఇంజనీరు పెద్దాయన ఇంటి వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. పొద్దున వచ్చేవాడు, సాయంత్రం పోయేవాడు. లోపల టేబుల్ మీద ఫైలు, బయట బల్ల మీద ఈయన, రెండింటినీ ఎవరూ కదిలించలేదు. కాలువ గట్టున "వంతెన పని జరుగుచున్నది" అని ఒక బోర్డు మాత్రం పాతించగలిగాడు. ఆడవాళ్లు పైపు ఎక్కేముందు చెప్పులు విప్పి దానికి తగిలించేవారు.

ముప్ఫై ఒకటో రోజున పెద్దాయన మళ్లీ అదే చోట సభ పెట్టాడు. "మాట తప్పినవాణ్ని నేను సహించను! ఈ క్షణం నుంచే, ఈ వేదిక మీదే, ఈ ఇంజనీరుని సస్పెండ్ చేస్తున్నాను!" అన్నాడు. అన్నాడు, అయిపోయింది. పెద్దాయన మైకులో అన్న మాట అన్న క్షణంలోనే జరగడం ఇరవై ఎనిమిదేళ్లలో హలో బాబాయ్ అదే మొదటిసారి చూడటం. వంతెన కట్టాలంటే ఇనుము కావాలి, మనుషులు కావాలి. ఒకడి బతుకు తీసెయ్యడానికి నోరొక్కటి చాలు. ఆ ఉత్తర్వు మీద సంతకానికి గంట కూడా పట్టలేదు. రెండున్నరేళ్లుగా కదలని ఫైలు కూడా ఆ రోజే కదిలింది. విచారణకు సాక్ష్యంగా కావాలని పై ఆఫీసువాళ్లు పట్టుకుపోయారు. కొత్తగా వచ్చే ఇంజనీరు మొదటి కాగితం నుంచీ మళ్లీ మొదలుపెట్టాలి.

జనం వెళ్లిపోయాక హలో బాబాయ్ వైర్లు చుడుతుంటే ఇంజనీరు వ్యాను దగ్గరకు వచ్చాడు. ఆయన మొహంలో కోపం కూడా లేదు.

"ఆ రోజు మైకు ఎందుకు పెంచావు బాబాయ్?"

"మీరు నిజం చెబుతారని సార్. మా ఆవిడ ఆ పైపు మీద..." అని ఆగిపోయాడు.

"నిజం ఎప్పుడూ చెబుతూనే ఉన్నాను కదా. ఎవరికీ వినబడదనే చెప్పాను. వినబడుతుందని తెలిసేసరికి నాకు ఇద్దరు పిల్లలు గుర్తొచ్చారు."

హలో బాబాయ్ చేతిలో వైరు ఆయన జీవితంలో మొదటిసారి చిక్కుపడింది. క్షమించండి సార్ అందామనుకున్నాడు. రోజూ స్పీకర్లలో వినే మాట అది, నోట్లోంచి రాలేదు. ఇంజనీరు వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి జరిగింది చెప్పాడు. ఈసారి ఏదీ మిగల్చకుండా చెప్పాడు. ఆమె అంతా విని, "ఇద్దరు పిల్లలా?" అని మాత్రం అంది.

మర్నాడు పొద్దున చినుకులు పడుతున్నాయి. ఆమె అన్నం డబ్బా సంచిలో పెట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. హలో బాబాయ్ అడ్డంగా నిలబడి, చూపుడువేలు పైకెత్తి, "ఈ క్షణం నుంచి నువ్వు ఆ పైపు ఎక్కడానికి వీల్లేదు!" అన్నాడు.

ఆమె ఆ వేలిని చూసింది, ఆయన్ని చూసింది.

"ఇక్కడ జనం లేరయ్యా. మామూలుగా మాట్లాడు."

వేలు దిగిపోయింది.

"ఎక్కొద్దంటే మానేస్తాను. మరి ఎలా వెళ్లను, చెప్పు."

ఆమె ఆయన పక్కనుంచి దాటుకుని వెళ్లిపోయింది. ఆయన చేతిలో వ్యాను తాళాలున్నాయి. తొమ్మిదింటికి ఇంకెక్కడో పెద్దాయన సభ, ఈపాటికే సామాను దించి ఉండాలి. ఆయన తాళాలు స్పీకరు మీద పెట్టి ఆమె వెనకాలే నడిచాడు. గట్టు దగ్గర ఆమె చెప్పులు విప్పి బోర్డుకు తగిలించింది. ఆయనా విప్పాడు. మూడేళ్లలో ఆ పైపు మీద కాలు పెట్టడం ఆయనకు అదే మొదలు. అది చల్లగా, నున్నగా, పాచితో జిగటగా ఉంది. కింద నీళ్లు చూసి, చూపు ఆమె మడమల మీదికి తిప్పుకున్నాడు. దీని మీదా మా ఆవిడ రోజూ నడుస్తోంది అనుకుంటే కళ్లు చెమర్చాయి.

నాలుగడుగుల తర్వాత ఆమె మోకాలు వణకడం ఆయనకు వెనకనుంచి కనబడింది. "భయపడకు, నేనున్నాను" అనబోయాడు. వేదికల మీద వినీ వినీ అరిగిపోయిన మాట. దాన్ని నోట్లోనే ఆపి, ఆమె చేతిలోని సంచి అందుకుని తన భుజాన వేసుకున్నాడు. ఖాళీ అయిన చేతిని ఆమె వెనక్కి చాపింది.

దాన్ని పట్టుకుని, నోరు మూసుకుని, ఆమె అడుగు వేశాక ఆయన అడుగు వేశాడు.